గాలాడని గదిలో విమానం

కూబర్ పీడీ,
2007 ఫిబ్రవరి 11

నేదా,

బతికే ఉన్నావా తల్లీ? పోయిన నెలంతా ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎప్పుడు చేసినా స్తీపె బావే ఎత్తుతాడు. ‘నేదా స్నానం చేస్తోంది’ అంటాడు. పొద్దున చేసినా స్నానమే, భోజనాల వేళ చేసినా స్నానమే. ట్యూనా పడవల ఊళ్ళో ఉండి ఉండి నువ్వే చేపవైపోయావేమోనని నవ్వుకున్నాను. ఇక ఫోన్‌తో నాకు పనిలేదు. ఉత్తరమే రాస్తాను. దాన్నెవరూ స్నానానికి పంపలేరు కదా.

ఇక్కడ ఎండ మండిపోతోంది. నాకేం, కొండ కడుపులో తవ్వుకున్న ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుంటున్నాను. సరుకుల కోసం తప్ప గుమ్మం దాటడం లేదు. గుమ్మం దాటి నేను చూడాల్సినవాళ్ళు మాత్రం ఎవరున్నారు?

నువ్వు నేర్పిన విద్య వదల్లేదులే. ఓపల్ రాళ్ళ గనిలో మట్టి విరిగిపడి నా భాగస్వామి బ్రాంకో పోయినప్పుడు, నేను తిండి మానేసి గోడ చూస్తూ కూర్చున్నప్పుడు, అందరూ ఓదార్పు ఉత్తరాలు రాశారు. నువ్వొక్కదానివే ఒక్క ముక్క రాయకుండా పెట్టె పంపావు. అందులో బాల్సా చెక్క పేళ్ళు, సెల్‌ఫోన్‌లోంచి పీకిన మోటారు, వెంట్రుకంత రాగితీగ. ‘చేసి ఎగరెయ్యి, ఎగరకపోతే అడుగు’ అని మూత మీద రాశావు. ఆ పెట్టె లేకపోతే నేనీపాటికి బ్రాంకో పక్కన ఉండేవాణ్ణి.

ఇప్పుడు చేసిన విమానం రెండున్నర గ్రాములు. అరచేతిలో ఇమిడిపోతుంది. రిమోట్ నొక్కితే చుక్కాని బుద్ధిగా అటూ ఇటూ ఒరుగుతుంది. పెద్దగది ఆ చివరికి పోయి మళ్ళీ నా దగ్గరికే వస్తుంది. మా ఇంట్లో కిటికీ లేదు, గాలి కదలదు, సిగరెట్టు పొగ కూడా నిటారుగా పోతుంది. ఇంత చిన్న విమానాలకు ఇంతకు మించిన చోటు ఆస్ట్రేలియా అంతా వెతికినా దొరకదు.

గురువారాల్లో మీరంతా చేరి విమానాలు ఎగరేసే హాలు ఎలా ఉంది? ఆ డెస్ ముసలాయన ఇంకా తలుపులన్నీ బిగించి, తాళంచెవి మెళ్ళో వేసుకుని, ఆఖరి విమానం నేల మీద వాలేదాకా ఎవరూ తలుపు తియ్యకూడదని అరుస్తున్నాడా? నీ కొత్త విమానం ఎంత తూగుతోంది? నిజం చెప్పు, దాచకు.

కొండలో కాపురమున్న నీ అన్న,
ఫ్రానే


పోర్ట్ లింకన్,
2007 ఫిబ్రవరి 27

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. మీ బావగారే విప్పి పైకి చదివి వినిపించారు. చేప మాట దగ్గర ఆగి నవ్వారు కూడా. నిన్ను అడిగానని చెప్పమన్నారు.

మేం బాగున్నాం. ఆయన పడవ అమ్మేసి ఇంటిపట్టున ఉండటం మొదలుపెట్టాక నాకు పని చాలా తగ్గిపోయింది. సరుకులు ఆయనే తెస్తారు. బ్యాంకు పని ఆయనే చూసుకుంటారు. ఈ ఉత్తరం కూడా ఆయనే పోస్టులో వేసొస్తానన్నారు, ఎండలో నడవద్దని. అందుకే నాకు బయటికి వెళ్ళే అవసరమే పడటం లేదు.

హాలు ఎప్పటిలాగే ఉంది. డెస్ అరుస్తూనే ఉన్నాడు.

నా విమానం గురించి అడిగావు కదా. ఒక గ్రాము ఎనిమిది పాయింట్లు. ఉడుక్కోకు, నీదానికన్నా తక్కువే. రెక్కలు మధ్యలో మడిచేలా చేశాను, మడిస్తే అగ్గిపెట్టెలో పట్టేస్తుంది. కప్పడానికి చాక్లెట్ చుట్టే కాగితం పనికిరాలేదు, బరువు. గాజు జాడీ మీద పొరలా ఉండే పల్చటి ప్లాస్టిక్ దొరికింది, దాన్ని నీటి మీద పరిచి ఎత్తాను. ఊపిరి గట్టిగా వదిలితే చిరిగిపోతుంది. చుక్కాని తిప్పే అయస్కాంతం ఆవగింజంత ఉంది. ఒకటి చేతిలోంచి జారి పడితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేల మీద పాకి వెతికాను. ఏం వెతుకుతున్నావని ఆయన అడిగితే చెప్పాను, మొహం చిట్లించారు, విమానాలంటే ఆయనకు చిన్నపిల్లల ఆటలని చిరాకు కదా.

నువ్వు తిండి సరిగ్గా తింటున్నావా? డబ్బాల చేపలే తింటుంటే కడుపు పాడవుతుంది. బంగాళాదుంపలూ ఆకుకూరా ఉడకబెట్టి ఆలివ్ నూనె పోసుకుని తిను, అమ్మ చేసినట్టు.

గుమ్మం దాటను అని రాశావు. అది మాత్రం నాకు నచ్చలేదు. పోయి ఎవరితోనైనా పేకాట ఆడు.

నీ చెల్లి,
నేదా


కూబర్ పీడీ,
2007 మార్చి 20

అమ్మా అహంకారీ,

ఒకటీ ఎనిమిదా? నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సయించలేదు. నా దాని ముక్కు చెక్కాను, తోక చెక్కాను, బ్యాటరీ మీది రేకు కూడా ఒలిచి చూశాను. రెండు గ్రాముల దగ్గర మొండికేసి కూర్చుంది. పైగా అగ్గిపెట్టెలో పట్టిస్తావా? ఎందుకే అంత చిన్నది? కిలోమీటరంత హాలు పెట్టుకుని, ఎవడికి చూపించడానికి? నన్ను ఏడిపించడానికే చేస్తున్నావని నాకు తెలుసు. చిన్నప్పుడు గాలిపటాల దగ్గర కూడా నీది ఇదే బుద్ధి.

స్తీపె బావ సంగతి చదివి ముచ్చటేసింది. మన నాన్న ఏనాడైనా అమ్మ కోసం ఒక్క ఉల్లిపాయ తెచ్చాడా? బావ పడవ మీద ఉన్నన్నాళ్ళూ సింహంలా ఉన్నాడనుకున్నాను, ఇంట్లో ఇంత మెత్తనివాడని ఎవరికి తెలుసు. ఆయన్ని చూసి నేను సిగ్గుపడాలి. పెళ్ళి చేసుకోకపోవడం ఎంత మంచి పని చేశానో నాకే అర్థమవుతోంది, నా చేతిలో పడిన ఆడది ఏమైపోయేదో.

అందుకని అడుగుతున్నాను. ఈస్టర్‌కి ఇద్దరూ రండి. తొమ్మిదేళ్ళయింది నువ్విటు వచ్చి. పక్కగది గోడలకు సున్నం కొట్టించాను. గొర్రెమాంసం నేనే కాలుస్తాను. బావకి గనులు చూపిస్తాను. నువ్వు నీ అగ్గిపెట్టె తీసుకురా, నేను నా తక్కెడ తీస్తాను, ఎవరి ముందు ఎవరు తలొంచుతారో చూద్దాం.

నీకు సముద్రం ఉంది, హాలు ఉంది, నీ కోసం పోస్టాఫీసుకు పరిగెత్తే మొగుడున్నాడు. నాకు ఒక బొరియ ఉంది. ఈ ఒక్కసారి బొరియలోకి దిగి రా.

ఫ్రానే


పోర్ట్ లింకన్,
2007 ఏప్రిల్ 12

అన్నయ్యా,

ఈస్టర్‌కి రాలేకపోయాం, ఏమీ అనుకోకు. హాలులో పోటీలు పడ్డాయి. తర్వాత ఆయనకు నడుము నొప్పి. తర్వాత వాన.

సున్నం కొట్టించానన్నావు. అది చదివాక నాకు

పైన కొట్టేసిన లైను పట్టించుకోకు, పెన్ను జారింది. రాసింది మళ్ళీ చదువుకుంటే పిచ్చిగా ఉందని ఆయనే కొట్టేయమన్నారు.

కొత్త విమానం అయిపోయింది. ఒక గ్రాము పైన ఒకే ఒక్క పాయింటు. ఇది అగ్గిపెట్టెలో కాదు, సూదులు పెట్టుకునే డబ్బాలో పడుతుంది. అగ్గిపెట్టెలు ఇంట్లో ఎవరైనా తీస్తారు. సూదులడబ్బా నేను తప్ప ఎవరూ ముట్టరు.

నువ్వు ‘ఎవరికి చూపించడానికి’ అని అడిగావు. ఎవరికీ కాదు. నిన్ను ఏడిపించడానికి అసలే కాదు. చిన్నదైతే దాచుకోవడం తేలిక, అంతే.

చలి మొదలైంది. ఈ ఏడు సముద్రం మీద గాలి బాగా ఎక్కువగా ఉందని రేడియోలో చెప్పారు. నువ్వు జాగ్రత్త. పేకాటకు వెళ్ళావా లేదా రాయలేదు.

నేదా


కూబర్ పీడీ,
2007 మే 8

నేదా,

పోటీలు, నడుము, వాన. ఇంకేమైనా మిగిలిందా? కుక్క ఈనిందని రాయలేకపోయావా?

నాకు కోపమొచ్చింది, దాచను. పక్కగదిలో రెండు మంచాలు వేసి, కొత్త దుప్పట్లు పరిచి, వీధి చివరిదాకా పోయి బస్సు కోసం నిలబడ్డాను. ఎండలో. నేను. రానని ముందే ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేది? బస్సు దిగినవాళ్ళంతా ఎటు వాళ్ళటు పోయాక ఆ డ్రైవరు నన్ను చూసి ‘ఎవరైనా రావాలా, తాతా’ అన్నాడు. లేదయ్యా, ఊరికే గాలి పీల్చుకోవడానికి వచ్చానని చెప్పి ఇంటికొచ్చాను.

నీ ఉత్తరాల్లో నువ్వు కనపడటం లేదు. మునుపు నాలుగు పేజీలు రాసేదానివి, అందులో సగం నన్ను తిట్టేదానివి. ఇప్పుడు పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు రాస్తున్నావు. ఇల్లు, హాలు, పోటీలు వచ్చాక గని తవ్వే అన్న నామోషీ అయ్యాడా? అదే అయితే ఆ మాటే రాయి, నేను తట్టుకోగలను. ఒకటీ ఒక పాయింటు అన్నది కూడా నేను నమ్మను. డెస్ సర్టిఫికెట్ రాసిచ్చినా నమ్మను. దమ్ముంటే ఆ విమానం ఇటు పంపు, నా తక్కెడలో పెట్టి చూస్తాను.

ఫ్రానే


పోర్ట్ లింకన్,
2007 జూన్ 5

అన్నయ్యా,

విమానం పంపుతున్నాను. సూదులడబ్బాలో ఉంది, మెల్లగా తియ్యి. ఇది ఇచ్చేస్తే నా దగ్గర ఇంకొకటి లేదు. ఫరవాలేదు, మళ్ళీ చేసుకుంటాను.

పార్సిలు ఆయనే కట్టారు. ఇంత చిన్నదానికి ఇంత పెట్టెందుకని నవ్వారు.

ఒక్కటే చెప్తున్నాను, విను. చుక్కాని ముట్టుకోకు. నేను ఎలా ఉంచానో అలాగే ఉంచు. నువ్వు తెలివైనవాణ్ణని సరిచెయ్యబోతావు, సరిచెయ్యకు.

నువ్వు నామోషీ అని రాశావు. ఆ మాట మీద నేను కోప్పడను. నీ తప్పు కాదు.

నేదా


కూబర్ పీడీ,
2007 జూన్ 24

నేదా,

తక్కెడ నీ మాటే చెప్పింది. ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. అంత సన్నగా చెక్క ఎలా చెక్కావో, రెక్కలోంచి నా వేలిగోరు కనపడుతోంది.

కానీ ఎగరేశాక నవ్వాగలేదు. తప్పుగా అనుకోకు, ఇదేం విమానమే? పెద్దగదిలో వదిలితే ముందుకు పోదు. ఎడమకు తిరిగి, తిరిగి, ఉన్నచోటే గిరగిరా చుట్టుకుంటోంది, తోకను పట్టుకోబోయే కుక్కలాగ. రిమోట్‌తో కుడికి ఎంత నొక్కినా కొంచెం మెత్తబడి మళ్ళీ ఎడమకే. ఇంత బిగించి పెడితే హాలులో ఈ చివరి నుంచి ఆ చివరికి ఎలా పంపుతావు? పోటీలో దీంతోనే నెగ్గావా? నీతో పోటీ పడినవాళ్ళు కళ్ళు మూసుకుని ఎగరేసి ఉంటారు.

చుక్కాని ముట్టుకోవద్దన్నావు కాబట్టి ముట్టుకోలేదు. కానీ చెయ్యి దురద పెడుతోంది. నువ్వు ఊఁ అంటే సరిచేసి తిన్నగా పోయేలా చేసి పంపుతాను.

ఫ్రానే


పోర్ట్ లింకన్,
2007 జులై 6

అన్నయ్యా,

తిన్నగా చెయ్యకు. నీ పెద్దగదిలో అది బాగా ఎగరదు. దాన్ని నీ స్నానాలగదిలో ఎగరెయ్యి. తలుపు వేసుకుని ఎగరెయ్యి. ఎంత బాగా తిరుగుతుందో చూడు.

మేం బాగున్నాం. ఆయన నిన్ను అడిగారు.

నేదా


కూబర్ పీడీ,
2007 జులై 19

చెల్లెలు నేదాకూ, గౌరవనీయులైన స్తీపె బావగారికీ,

ఫ్రానే రాయునది. విమానం చక్కగా ఉంది, ఆ మాట అక్కడితో వదిలేద్దాం. ఈ ఉత్తరం ఎక్కువగా బావగారి కోసం. నేదా, ఆయనకు చదివి వినిపించు, లేదా ఆయన్నే చదవనివ్వు.

బావగారూ, ఇన్నేళ్ళకు నా గనిలో ఓపల్ రంగు కనపడింది. నలుపు మీద ఎరుపూ పచ్చా ఆడుతున్నాయి. ఎంతలోతు పోతుందో తెలియదు, ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. బ్రాంకో పోయాక నాకు నమ్మకమైన మనిషి లేడు. మీలాంటి గట్టివాడు, సముద్రం మీద నలుగురిని ఆడించినవాడు పక్కనుంటే రాయి ఎవరూ ఎత్తుకుపోలేరు. రెండు మూడు రోజులు వచ్చి కళ్ళతో చూడండి. వాటా సంగతి ఎదురుగా మాట్లాడుకుందాం. గని దగ్గర ఆడవాళ్ళు ఉంటే ఊళ్ళో మాట పాకుతుంది కాబట్టి మీరొక్కరే రండి. నేదాను ఇంట్లోనే ఉంచండి.

మీ రాక కోసం చూస్తూ,
ఫ్రానే


కూబర్ పీడీ,
2007 జులై 27
(డెస్ ద్వారా పంపుతున్నది)

నా చిట్టితల్లీ,

ఈ ఉత్తరం మీ ఇంటికి పోస్టులో రాలేదు. బావ వస్తానన్నాడు, ఆయన బస్సెక్కాక డెస్ మీ ఇంటికి వచ్చి నీ చేతిలో పెడతాడు. ఇది నువ్వొక్కదానివే చదువుతావు. గనిలో రంగూ లేదు, పాడూ లేదు. ఉన్నదంతా తెల్లమట్టే.

నీ ఉత్తరం వచ్చినరోజు నవ్వుకుంటూనే బకెట్టు బయటపెట్టి, స్నానాలగదిలోకి పోయి తలుపేసుకుని వదిలాను. నేదా, అది ఎక్కడా గోడకు తగల్లేదు. తొట్టి మీదుగా, అద్దం ముందుగా, తలుపు పక్కగా, నా నెత్తి చుట్టూ, బ్యాటరీ అయిపోయేదాకా తిరిగింది. రిమోట్ ముట్టుకోవాల్సిన పనే పడలేదు. నేను తొట్టి అంచు మీద కూర్చుండిపోయాను. మీ స్నానాలగదికి పలకలు పరిచింది నేను కాదూ? నీ గృహప్రవేశానికి వారం ముందు మోకాళ్ళ మీద పాకి పరిచాను. ఆ గది కొలత నా మోకాళ్ళకు తెలుసు, ఇంచుమించు నా గదంతే. ఈ విమానం ఆ గదికి కుట్టిన చొక్కా.

నాలాంటి మొద్దువెధవ ఇంకొకడుండడు. ఫోన్ చేసినప్పుడల్లా స్నానం. ఉత్తరాలు చదివేది ఆయన, కొట్టేయించేది ఆయన, పోస్టులో వేసేది ఆయన. నేనేమో మెచ్చుకుంటూ కూర్చున్నాను. చిన్నది చేస్తున్నావని నీ మీద పడి ఏడ్చాను. దాచుకోవడం తేలికని నువ్వు ఉన్నదున్నట్టు రాసినా నా బుర్రకెక్కలేదు.

అయినా అనుమానం తీర్చుకోవాలని డెస్‌కి రాశాను, మా చెల్లి ఎలా ఎగరేస్తోందని. తిరుగు టపాలో జవాబిచ్చాడు. నువ్వు హాలుకు రాక రెండేళ్ళు దాటిందట. ‘ఆమెకు ఆసక్తి పోయింది’ అని స్తీపె వచ్చి చెప్పి, నీ సామానుపెట్టె తీసుకుపోయాడట. డెస్ ఒకసారి ఇంటికొస్తే గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపాడట. బయటినుంచి గొళ్ళానికి తాళం చూశానని కూడా రాశాడు. చూసి ఊరుకున్నందుకు ఆయన ఇప్పుడు నిద్రపోవడం లేదట.

ఇక చెప్పేది విను. మొగుణ్ణి నేనిక్కడ పట్టి ఉంచుతాను. ఎలా అని అడక్కు. డెస్ నిన్ను తన బండిలో పోర్ట్ అగస్టాకు తీసుకుపోయి వాళ్ళ చెల్లెలి దగ్గర దింపుతాడు. ఆమె బస్‌స్టాండు వెనక లాండ్రీ నడుపుతుంది, నోరు పెద్దది, మనసు మంచిదట. స్తీపె తిరుగుబస్సు ఎక్కాక నీకు ఉత్తరం రాస్తాను, అప్పుడు నువ్వు ఇటువైపు వచ్చే బస్సెక్కి నా దగ్గరికి వచ్చెయ్యి.

భయం వేస్తే వెయ్యనీ. బయటికి మాత్రం రా.

నీ అన్నయ్య


పోర్ట్ అగస్టా,
2007 ఆగస్టు 2

అన్నయ్యా,

వచ్చేశాను. ఎక్కువ రాయలేను. డెస్ చెల్లెలు సూప్ పెట్టి ఎదురుగా కూర్చుని తాగిస్తోంది. ఉత్తరం మడిచి నా చేతికే ఇచ్చి పోస్టుడబ్బా ఎటుందో చూపించింది. నేనే వెళ్ళి వేస్తాను.

నేదా


కూబర్ పీడీ,
2007 ఆగస్టు 9

నేదా,

నువ్వు నీ చేత్తో డబ్బాలో వేసిన ఉత్తరం అందింది. దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగాను.

ఇక్కడి సంగతి చెప్పాలి. నీ మొగుడు దిగిన దగ్గర్నుంచి ఒకటే పాట, రంగు ఎక్కడ, రంగు ఎక్కడ. మర్నాడు గని దగ్గరికి తీసుకెళ్ళి మట్టి తోడే ఇనుపతొట్లో కూర్చోబెట్టి, మోటారుతో కిందికి దింపాను. దించాక మోటారు ఆగిపోయింది. పాత మోటారు, నేనేం చెయ్యను. నీళ్ళూ రొట్టే తాడుతో దింపాను, టార్చిలైటు కూడా. మొదట తిట్టాడు. తర్వాత బెదిరించాడు. తర్వాత ‘ఫ్రానే, ఇక్కడ గాలాడటం లేదు, నన్ను పైకి తీయవయ్యా’ అన్నాడు. ఆ మాటకు జాలేసిందనుకుంటున్నావా, వెయ్యలేదు. భయమేసింది. బ్రాంకో పోయింది ఆ పక్క గోతిలోనే. పోలీసులకూ నీకూ నేను చెప్పేది ఒకటే, మోటారు ఆగింది. పొద్దుగూకకముందే బాగైంది కూడా. పైకొచ్చాక నా మొహం చూడకుండా బస్సెక్కాడు.

ఇంటికిపోయి ఫోన్ చేశాడు. ‘నేదా ఎక్కడ?’ అన్నాడు. ‘స్నానం చేస్తోందేమో చూడు’ అని పెట్టేశాను.

ఇక రా. పక్కగది నీదే. తలుపుకు ఇనుపరేకు కొట్టించాను, లోపలినుంచి రెండు గడియలు పెట్టించాను. ఇక్కడ నిన్ను ఎవరూ చూడలేరు, ఎవరూ వినలేరు, చీమ కూడా దూరలేదు. గాలి పూచికపుల్లంత కదలదు. ఇద్దరం కూర్చుని అర గ్రాము విమానం చేద్దాం. ఇక బతికినన్నాళ్ళూ మనం ఎవరి కోసం బయటికి రావాల్సిన పనిలేదు.

ఏ బస్సో రాయి. ముందుగానే వచ్చి నిలబడతాను.

ఫ్రానే


పోర్ట్ అగస్టా,
2007 ఆగస్టు 30

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి కూర్చుంటాను, లేస్తాను. నీ మనసు కష్టపడుతుందని తెలుసు. అయినా రాస్తాను, ఇప్పుడు నా ఉత్తరాలు ఎవరూ చదవరు కదా, నీకైనా నిజం రాయకపోతే ఇక్కడికి వచ్చి ఏం లాభం.

నేను ఆ ఇంట్లోంచి ఎలా బయటపడ్డానో నువ్వడగలేదు. ఆయన వెళ్తూ బయట తాళం వేసుకునే పోయాడు. డెస్ ఇంటి చుట్టూ తిరిగి, స్నానాలగది వెనక నిలబడి, ‘అమ్మా, ఈ కిటికీ గాజుపలకలు లాగితే ఊడొస్తాయి, లోపలినుంచి ఏదో అంటించి ఉంది’ అన్నాడు. అంటించింది నేనే అన్నయ్యా. మొదటి విమానం అక్కడ ఎగరేసినప్పుడు, ఆ పలకల సందుల్లోంచి సముద్రపుగాలి వచ్చి దాన్ని అద్దానికి కొట్టింది. గాలి రాకుండా సందు సందుకూ టేపు వేశాను. ఒక వరస చాలలేదు, మూడు వరసలు వేశాను. ఆ టేపు తీసి పలకలు లాగితే నాలాంటి మనిషి హాయిగా దూరిపోవచ్చు. రెండేళ్ళు ఆ గదిలో కూర్చుని, గ్రాము బరువుకు దెబ్బ తగలకూడదని, ఆ ఇంట్లో నాకున్న ఒక్క దారీ నా చేత్తోనే మూసి పెట్టుకున్నాను. అది దారి అని ఒక్కనాడూ తట్టలేదు. గాలి వచ్చే చోటుగానే చూశాను.

డెస్ బయటినుంచి, నేను లోపలినుంచి టేపు పీకాం. గాలి మొహాన కొట్టింది. అప్పుడు ఏడ్చాను. అప్పటిదాకా ఏడవలేదు.

నువ్వు గడియలు పెట్టించావు, రేకు కొట్టించావు. నా కోసమేనని తెలుసు. నీ ఉత్తరం లాండ్రీ మెట్ల మీద కూర్చుని చదువుతుంటే నాకు ఊపిరాడలేదు. ‘ఎవరూ చూడలేరు, ఎవరూ వినలేరు’ అని నువ్వు రాసిన మాటే ఆయన కూడా అన్నాడు, వేరే అర్థంతో. నీ దగ్గర నాకు భయం లేదు. ఆ గది అంటేనే భయం. నేను రాను అన్నయ్యా.

ఇక్కడే ఉండిపోతున్నాను. పొద్దున దుప్పట్లు ఉతుకుతాను, మధ్యాహ్నం వెనకపెరట్లో ఆరేస్తాను. ఈ ఊళ్ళో గాలి ఒక్క క్షణం ఊరుకోదు, దుప్పట్లు తీగ మీంచి లేచి నన్నే కప్పేస్తాయి, డెస్ చెల్లెలు చూసి తిడుతుంది. మేడ మీద గది ఇచ్చింది. రెండు కిటికీలు. లేవగానే రెండూ తెరుస్తాను, పడుకునేటప్పుడు కూడా వెయ్యను. ఆయన రెండుసార్లు వచ్చాడు. రెండోసారి ఆమె పోలీసులను పిలిచింది, ఇక రాలేదు. మెట్ల మీద అడుగు చప్పుడైతే ఇప్పటికీ గుండె ఆగుతుంది. ఆగినా కిటికీలు మూయను.

వచ్చిన మొదటివారం చేతులు ఊరుకోక ఒకటి చేశాను. ముందెన్నడూ చెయ్యనంత బాగా కుదిరింది. బల్ల మీద పెట్టి రిమోట్ కోసం వెనక్కి తిరిగానో లేదో, గాలి దాన్ని ఎత్తుకుపోయి వీధిలో ఎక్కడో పడేసింది. వెతకడానికి కూడా పోలేదు. మళ్ళీ చెయ్యలేదు.

నీ గురించి ఆలోచిస్తున్నాను. నువ్వు బస్సు కోసం ఎండలో నిలబడ్డానని రాస్తే, అప్పుడు జవాబు రాయడానికి నాకు వీల్లేకపోయింది. ఇప్పుడు రాస్తున్నాను. బ్రాంకో పోయిన ఈ ఆరేళ్ళలో నువ్వు నీకోసం గుమ్మం దాటి నిలబడింది ఆ ఒక్కరోజే. బ్రాంకో పోయాక నిన్ను బతికించాలని నేను ఆ పెట్టె పంపాను, అది నిజమే. కానీ లోపల కూర్చోవడానికి అదే నీకొక సాకు కూడా అయింది. నాకూ అయింది.

బస్సు మంగళవారం, శుక్రవారం. పోర్ట్ అగస్టాలో దిగితే లాండ్రీ పక్కనే. ఈసారి నేను ముందుగా వచ్చి నిలబడతాను. నీకు మంచం వేశాను, కిటికీ పక్కన. పెట్టెలో రెండు చొక్కాలు పెట్టుకో, చలికోటు తెచ్చుకో. విమానం మాత్రం తేకు, ఇక్కడ అది ఎగరదు.

నేదా